కర్పూరం ఆర్పని ఇద్దరు

ఆదోనిలో పదకొండున్నరకు బయలుదేరిన పల్లెవెలుగు బస్సు ఎమ్మిగనూరికి సగం దూరంలో, అటూ ఇటూ పత్తి చేలు తప్ప మరేమీ లేని చోట, ముందునుంచి తెల్లటి ఆవిరి చిమ్మి ఆగిపోయింది. డ్రైవరు దిగి బానెట్ ఎత్తబోయి, వేడికి చెయ్యి వెనక్కి లాక్కుని, "ఎవరికాడన్నా నీళ్లుంటే ఇయ్యండప్పా. తాగనీకె కాదు, దీనికి పోయనీకె" అని కేక పెట్టాడు. ఆ మాట వినగానే జనం సీసాలను సంచుల అడుక్కి తోసేశారు. ఎండ అట్లా ఉంది మరి.

వెనక సీటులోంచి ఒక ముసలాయన దిగాడు. భుజాన గోనెగుడ్డ సంచి, అందులోంచి రంపం పిడి తొంగిచూస్తోంది. తన సీసా తీసి డ్రైవరు చేతికిచ్చి, బస్సు ముందద్దం వైపు తలెత్తాడు. అద్దం పైన వరుసగా మూడు బొమ్మలు అంటించి ఉన్నాయి. రాఘవేంద్రస్వామి, మరియమాత, ఒక దర్గా.

"ముగ్గురుండి కూడా రేడియేటర్లో నీళ్లు సూసుకోలేదే!" అన్నాడు.

దిగి నిలబడ్డవాళ్లలో నలుగురు నవ్వారు. అందులో కృపమ్మ ఒకతె. నవ్వడం అయిపోయాక గాని ఆమెకు తట్టలేదు, ఆ ముగ్గురిలో మరియమాత కూడా ఉందని. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆ తల్లినేమీ అనొద్దు పెద్దప్పా. నీళ్లు సూసుకోవాల్సింది డ్రైవరు గాని ఆమె కాదు" అంది.

"యాబై ఏండ్లుగా నేను మొత్తుకుంటాండేది అదే గదమ్మా!" అన్నాడు ముసలాయన సంబరంగా. "ఈ మాట ఒప్పుకునే మనిషి దొరకనీకె బస్సు సెడిపోవాల్సొచ్చె."

ఆయన్ను కృపమ్మ ఎరుగును. ఎమ్మిగనూరులో మగ్గం చప్పుడు వినిపించే ఏ వీధిలో అడిగినా చెబుతారు. పేరు ఉచ్చీరప్ప. వాళ్లమ్మ దేవుడికి మొక్కుకుని పెట్టిన పేరది. జనం మాత్రం 'దేవుడు లేని ఉచ్చీరప్ప' అంటారు. మగ్గాలు చేసే వడ్రంగి. సహకార సంఘం పెట్టి ఎనభై ఏళ్లు దాటిన ఊళ్లో, ఒకప్పుడు ఇంటికొక మగ్గం ఆడిన రోజుల్లో, ఆయన పొద్దున ఒక వీధి మొదట్లో సంచి దించితే ఆ వీధి చివరికి చేరడానికి వారం పట్టేదట. ఇప్పుడు మగ్గాలు తగ్గాయి, ఆయన నడక పెరిగింది. ఆదోని, కోసిగి, తుంగభద్ర దాటి రాయచూరు వైపు పల్లెలు, ఎక్కడ మగ్గం మూలిగితే అక్కడికి పోతాడు. సంచిలో ఉలి, చిత్రిక, రంపంతోపాటు గ్రంథాలయం పుస్తకం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. గడువు దాటని పుస్తకం ఆయన దగ్గర ఎవరూ చూడలేదు.

ఆయనకు దేవుడు ఎట్లా పోయాడో ఆయనే చెప్పుకుంటాడు, అడిగినా అడగకపోయినా. పదిహేడేళ్లప్పుడు వానలు లేక ఊళ్లో గాడిదలకు పెళ్లి చేశారు. పెళ్లిపందిరికి కొయ్య పనంతా ఉచ్చీరప్పదే. మేళం మోగింది, తాళి కట్టారు, ఊరంతా తిన్నది. మూడోరోజు వాన వచ్చింది, పక్క ఊళ్లో. ఆ ఊరివాళ్లు గాడిదలకు గడ్డి కూడా సరిగ్గా వేయరు. "మరి ఆ వాన ఎవరి పెండ్లికి వచ్చినట్టు?" అని రచ్చకట్ట మీద అడిగినందుకు ఒక పెద్దమనిషి చెంప పగలగొట్టాడు. "బదులు సెప్పలేనోడే సెయ్యెత్తుతాడు. ఆ పొద్దు నుంచి నాకు ప్రశ్నలంటే ఆకలి" అంటాడు.

అయితే ఇంటావిడ భీమక్క ప్రతి గురువారం మంత్రాలయం పోవాల్సిందే. ఆమె టెంకాయల సంచి మోసుకుని బస్సెక్కించేదీ ఆయనే, ఆమె దర్శనం అయ్యేదాకా నది మెట్ల మీద కూచుని పేపరు చదివేదీ ఆయనే. ఎవరన్నా ఎగతాళి చేస్తే, "రాఘవేంద్ర రాయరును నమ్మను, భీమక్కను నమ్ముతా. ఆమెకు ఒక్కతే మెట్లు దిగనీకె మోకాళ్లు పట్టుకుంటాయి" అంటాడు. ఈ లోకంలో నాస్తికులు చాలా రకాలు. దేవుడి మీద అలిగినవాళ్లు కొందరు, పూజారి మీద అలిగినవాళ్లు కొందరు, తండ్రి మీద కోపాన్ని దేవుడికి అంటగట్టినవాళ్లు కొందరు. ఉచ్చీరప్పకు ఎవరి మీదా అలక లేదు. లెక్క సరిపోక లేడన్నాడు, అంతే.

"ఆదోనికి ఏం పనిమీద వచ్చినావమ్మా?" అని అడిగాడాయన, బస్సు నీడలో రాయి మీద కూచుంటూ. "ఆడోళ్లకు టికెట్టు లేదని ఊరికే తిరిగి రానీకె వచ్చినావా?"

"ఫాదర్ను కలవనీకె వచ్చినా. ఆయన కర్నూలు పోయినాడంట, రేపుగాని రాడు." కృపమ్మ చేతిలోని సంచిని ఒళ్లోకి లాక్కుంది. "నాకు ఇయ్యాల సాయంత్రానికి కావాల జవాబు."

కృపమ్మకు నలభై ఏళ్లు. పుట్టిల్లు మాధవరం. అక్కడ వాళ్ల అవ్వ కాలంలో ఒక ఉపదేశి గడప గడపకు తిరిగి జపాలు నేర్పాడు. చదువు రాని ఆ అవ్వ వాటిని మనవరాలికి నోటి నుంచి నోటికి అందించింది. పెళ్లయి ఎమ్మిగనూరు వచ్చాక భర్త బెంగుళూరులో కట్టడం పనికి కుదిరాడు, రెండు నెలలకోసారి వస్తాడు. కృపమ్మ ఇంట్లో రాట్నం పెట్టుకుని కండెలు చుడుతుంది. అంటే, మగ్గాల యజమాని పెద్ద చుట్టలుగా ఉండే నూలు చిలపలు తూకం వేసి ఇస్తాడు, ఆమె ఇంటికి తెచ్చి ఆ నూలును చిన్న చిన్న కండెల మీదికి చుట్టి తిరిగి ఇస్తుంది, ఆ కండెలు మగ్గంలో అటూ ఇటూ ఆడే నేతగాడి నాడెలోకి పోతాయి. పదహారేళ్లుగా లక్ష్మప్ప మగ్గాల షెడ్డుకు ఆమెవే కండెలు.

పోయిన వారం ఆమె ఇచ్చిన కండెలు తూకానికి తగ్గాయి. ఐదు కిలోల నూలు తీసుకుపోయింది, అరకిలో తక్కువ వచ్చింది. లక్ష్మప్ప చెడ్డవాడు కాదు. రెండుసార్లు కాటా మార్చి చూశాడు, మూడోసారి కళ్లజోడు మార్చి చూశాడు. తర్వాత ఆ వీధి ఆచారం ప్రకారం ఒక మాట చెప్పాడు. బుధవారం సాయంత్రం షెడ్డులో నేతవాళ్ల దేవత చౌడమ్మ పటం ముందు కర్పూరం వెలిగిస్తాడు. 'ఒక్క పోగు కూడా తీయలేదు' అని చెప్పి కృపమ్మ దాన్ని అరచేత్తో ఆర్పాలి. ఆర్పితే మళ్లీ ఆ సంగతి ఎత్తినవాడు పాపి. ఆర్పకపోతే ఆ వీధిలో ఏ షెడ్డువాళ్లూ ఆమెకు నూలు ఇవ్వరు.

ఒట్లకు మన సీమలో కొరత లేదు. బిడ్డ తల మీద ఒట్టు, అన్నం మీద ఒట్టు, ఉప్పు మీద ఒట్టు, దీపం మీద ఒట్టు, బీడీ ముట్టిస్తూ నిప్పు మీద ఒట్టు. పశువుల సంతలో రోజుకు వంద ఒట్లు పడతాయి, ఎద్దు వయసు చెప్పే పళ్లు మాత్రం ఎన్ని ఉండాలో అన్నే ఉంటాయి. వీటన్నిటిలో పెద్దది కర్పూరం. దాని ముందు తాగుబోతు కూడా నాలుక కరుచుకుంటాడు. ఆర్పనని అన్నవాణ్ని మాత్రం ఇక ఎవరూ ఏమీ అడగరు. అదే ఒప్పుకోలు కింద లెక్క.

"ఆ బుధవారం ఇయ్యాలే" అంది కృపమ్మ. "మా కాడ ఒట్టు పెట్టుకునేది లేదు పెద్దప్పా. ఉండేది ఉన్నట్టు సెప్పాల, దాని మీద ఇంకొకటి ఎయ్యగూడదని మా అవ్వ సెప్తాండె. అందులోనా ఇంకొకరి దేవత ముందర. ఆర్పితే నా మనసు పోతాది, ఆర్పకపోతే నా పని పోతాది. పనికన్నా మించి, దొంగ అనే పేరు. ఫాదర్నడిగితే ఏదన్నా దావ సెప్తాడేమో అని పోయినా."

ఉచ్చీరప్ప గడ్డం గోక్కున్నాడు. కృపమ్మ ఆయన వైపు కొంచెం జరిగింది.

"ఒకటడుగుతా, ఏమనుకోవద్దు. నూలు తూకమేసి ఇచ్చిన పొద్దు నువ్వు ఆడే ఉంటివి గదా, మగ్గం బాగుసేస్తా. నేను తెచ్చుకునేటప్పుడు సూసినావు. నీకు దేవుడు లేడు. కర్పూరం నీకు ఉత్త పొగ. నువ్వొచ్చి ఆర్పి, 'ఈయమ్మ అట్లాంటిది కాదు' అంటే అయిపోతాది గదా? నీకు పోయేదేముంది?"

ముసలాయన రాయి మీదే ఆమె వైపు తిరిగి కూచున్నాడు.

"లేనోన్ని సాచ్చికి పిలిస్తే అది అబద్ధం కాదా?" అన్నాడు. "నాకు అది పొగే. ఆడుండే వాళ్లకు కాదు గదా. వాళ్లు పానం పెట్టి నమ్మేదాన్ని నేను అరచేత్తో ఆర్పి, లోపల నవ్వుకుంటే, అది వాళ్ల జేబులో సెయ్యి పెట్టినట్టే. ఆ పని నేను సెయ్యలేనమ్మా. నేను సూసింది సెప్తా, ఎంతసేపైనా సెప్తా. ఆర్పను."

కృపమ్మ ఆయన వైపు కొత్తగా చూసింది. తను అవ్వ దగ్గర నేర్చుకున్న మాటే ఇది. ఈయన ఎక్కడ నేర్చుకున్నాడో!

"ఇప్పుడు నేనడుగుతా, నువ్వూ ఏమనుకోవద్దు" అన్నాడు ఉచ్చీరప్ప. "మీ స్వామి క్షమిస్తాడంటారు గదా. ఇయ్యాల ఆర్పేసి, ఆదివారం ఫాదర్ కాడ సెప్పుకుంటే సరిపోదా?"

"క్షమిస్తాడని ముందే అనుకుని సేస్తే ఎట్ల పెద్దప్పా? మనిండ్లే గదా, తలుపు తీసే ఉంది గదా అని బురద కాళ్లతో లోపలికి పోయినట్టు ఉంటాది."

"అబ్బా!" అని తొడ చరిచాడాయన. "ఈ మాట నాకు తట్టకపోయెనే."

పక్కన పొగాకు నములుతూ వింటున్న ఒక ముసలామె, "ఏం మనుషులప్పా మీరు! దేవుడుండాడనేదీ ఆర్పదు, లేడనేటోడూ ఆర్పడు. మాలాంటోళ్లం మధ్యలో ఉండాము, మా సేతులే కాల్తాండాయి!" అంది. బస్సు నీడ అంతా నవ్వింది.

నవ్వులు సద్దుమణిగాక కృపమ్మ గొంతు తగ్గించింది. "ఇంకొకటి కూడా ఉంది. 'ఒక్క పోగు కూడా' అని అనమంటాండారు. అది నేను అనలేను. చుట్టేటప్పుడు తెగిపోయిన పోగులుంటాయి గదా, అవి నా కాడే పెట్టుకుంటా." ఒడిలోని సంచి తెరిచి చూపించింది. లోపల పేనిన సన్నటి తాళ్ల కట్ట. "జపమాలలకు తాళ్లు పేనినా. అక్టోబరు నెల వస్తాంది, జపమాల నెల. గుళ్లో ఇద్దామని తెచ్చినా, ఫాదరు లేకపోతే మళ్లా తీసుకుపోతాండా."

"తెగిన పోగులా! అవి చుట్టేవాళ్లవే తల్లీ. ఈ ఊళ్లో మగ్గం పుట్టినప్పటి నుంచి ఆచారమది."

"ఆచారమా?" కృపమ్మ కళ్లు పెద్దవి చేసింది. "నీ నోట్లోంచా పెద్దప్పా ఆ మాట!"

ఉచ్చీరప్ప సంచిలోని రంపం పిడిని అటూ ఇటూ సర్దాడు. ప్రశ్నలంటే ఆకలి ఉన్న మనిషికి కడుపు నిండినట్టయింది. పొగాకు ముసలామె ఆయన అవస్థ చూసి ఉమ్మి వేయడం కూడా మరిచిపోయింది.

"గెలిచినావు, పో" అన్నాడాయన. "ఆ పోగులు ఎంతుంటాయి, గుప్పెడో రెండు గుప్పెళ్లో. అరకిలో ఎట్లా పోయింది? అది సెప్పు." అని, ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. "నూలు తూకమేసిన పొద్దు ముసురు గదా? నాలుగు రోజులు ఇడవని ముసురు! లక్ష్మప్ప మగ్గం పలక ఉబ్బి కదలకపోతే నేను చిత్రిక పట్టనీకె వచ్చినా. కొయ్య నీళ్లు తాగితే నూలు తాగదా?"

బస్సు ఇంకా మూలుగుతూనే ఉంది. ఆదోని వైపు నుంచి పత్తి దింపి ఖాళీగా వస్తున్న ఆటో ఒకటి కనబడితే, రంపం సంచి అడ్డం పెట్టి ఆపాడు ఉచ్చీరప్ప.

* * *

లక్ష్మప్ప షెడ్డులో ఆరు గుంట మగ్గాలు. సాయంత్రం ఐదు కొట్టేసరికి అన్నీ ఆగి ఉన్నాయి. నేతగాళ్లు గోడకు ఆనుకుని కూచున్నారు, కండెలు చుట్టే ఆడవాళ్లు గడప దగ్గర గుంపుగా నిలబడ్డారు. చౌడమ్మ పటానికి కొత్త పూలు. ఇత్తడి పళ్లెంలో కర్పూరం బిళ్ల, పక్కన అగ్గిపెట్టె. లక్ష్మప్ప స్నానం చేసి, విభూతి పెట్టుకుని, తానే ముద్దాయి అన్నట్టు బిక్కమొహంతో ఉన్నాడు. పదహారేళ్లు తనకు కండెలు చుట్టిన మనిషి ఆమె.

ఉచ్చీరప్ప గడప బయట చెప్పులు విడిచాడు.

"ఏమన్నా, నీకు చౌడమ్మ లేదు గదా? చెప్పులెందుకు విడుస్తివి?" అన్నాడు లక్ష్మప్ప, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"నాకు లేదు. నీకుంది గదా. ఇల్లు నీది" అని లోపలికి వచ్చి, "లక్ష్మప్పా, తూకం పొద్దు నేను ఈడే ఉంటి. నాకు తెలిసింది సెప్తా. కర్పూరం మాత్రం ఆర్పను, ముందే సెప్తాండా" అన్నాడు.

"నేనూ ఆర్పనన్నా" అంది కృపమ్మ. గడప దగ్గర ఆడవాళ్లలో గుసగుస లేచింది.

లక్ష్మప్ప పళ్లెం వైపు, వీళ్లిద్దరి వైపు మార్చి మార్చి చూశాడు. "ఒకరేమో వాళ్ల దేవుడు ఒద్దన్నాడని ఆర్పరు. ఇంకొకరేమో దేవుడే లేడని ఆర్పరు. నా కర్పూరం ఏం పాపం సేసిందప్పా? మరి నేనెట్లా నమ్మాల?"

"కాటాను నమ్ము" అన్నాడు ఉచ్చీరప్ప. "దానికి ఏ మతమూ లేదు. అటక మీద ఎండు చిలపలుంటే ఒక కిలో తీపించు."

తీశారు. అందరి ముందూ తూచారు, సరిగ్గా కిలో. షెడ్డు వెనక పడుగుకు పెట్టే గంజి పెద్ద కుండలో ఉడుకుతోంది. ఉచ్చీరప్ప దాని పైన అడ్డకర్ర వేసి, చిలపలు నీళ్లు తగలనంత ఎత్తులో వేలాడదీసి, మీద గోనె కప్పాడు. ఈలోగా టీ వచ్చింది. ఉచ్చీరప్ప టీ తాగుతూ, గాలిలో నీళ్లుంటాయనీ, దూది వాటిని పిలిచి మరీ తాగుతుందనీ, ఇంకా ఏ దేశంలో నూలు వ్యాపారులు తూకానికి ముందు ఏం చేసేవాళ్లో కూడా మొదలుపెట్టాడు. "కథ ఆపన్నా, ఆవిరి అయిపోతాది" అన్నాడొక నేతగాడు.

గోనె తీశారు. నూలు తడిసినట్టు కంటికి కనబడలేదు, పట్టుకుంటే కొంచెం చల్లగా, బరువుగా ఉంది. కాటా మీద పెట్టారు. కిలో మీద ఎనభై గ్రాములు.

లక్ష్మప్ప కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఎనభయ్యే.

"నువ్వు ముసుర్లో తూకమేసి ఇచ్చినావు, ఈయమ్మ ఎండలో చుట్టి తెచ్చింది. పోయింది నూలు కాదు, నీళ్లు!" అన్నాడు ఉచ్చీరప్ప, మీసం మీద చెయ్యి వేస్తూ.

లక్ష్మప్ప వేళ్ల మీద లెక్క వేశాడు. "కిలోకు ఎనభై అంటే ఐదు కిలోలకు నాన్నూరు. ఇంకా నూరు గ్రాములు?"

"అదీ నీళ్లే! ఆ పొద్దు ముసురు ఈ కుండకన్నా గట్టిది" అన్నాడు ఉచ్చీరప్ప తడుముకోకుండా.

నిజంగా అదే అయి ఉండవచ్చు, కాకపోనూవచ్చు. లక్ష్మప్ప తల ఊపడం మొదలుపెట్టాడు. గోడకు ఆనుకున్నవాళ్లూ ఊపారు. కృపమ్మకు ఒక్క క్షణం ఒళ్లంతా తేలికైంది. ఇంకేముంది, ఊరుకుంటే చాలు. నూలు కట్ట తీసుకుని ఇంటికి పోయి, స్టవ్ మీద బియ్యం పడేయవచ్చు.

"కాదు పెద్దప్పా" అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"అంతా నీళ్లే అని నువ్వెట్ల సెప్తావు? సూసిందే సెప్తానంటివి. ఆ నూరు గ్రాములు నువ్వు సూడలేదు." ఆమె సంచిలోంచి తాళ్ల కట్ట తీసి కాటా మీద పెట్టింది. "అది నా కాడుంది లక్ష్మప్పన్నా. అంతా ఈ ఒక్కసారిది కాదు, ముందు వాటివీ కలిసి ఉండాయి. తెగిన పోగులు నేనే పెట్టుకుంటా, పదహారేండ్లుగా. ఒకరినీ అడగలేదు. ఒక్క పోగు కూడా తీయలేదు అని నేను అనలేను."

ఉచ్చీరప్ప మీసం మీది చెయ్యి దించేశాడు. ఆ ముఖంలో కోపం లేదు. ఆయన చెంప మీద పదిహేడేళ్లప్పుడు పడిన దెబ్బకు ఇన్నాళ్లకు సరైన జవాబు ఇచ్చిన మనిషిని చూస్తున్నట్టు చూశాడు. "ఆ మాట నిజం" అన్నాడు మెల్లగా. "నేను కొంచెం దూరం పోయినా. నాకు తెలిసింది నాన్నూరుకే. మిగతాది నాకు తెలవదు."

లక్ష్మప్ప తాళ్ల కట్ట ఒకసారి ఎత్తి చూసి మళ్లీ కాటా మీద పెట్టాడు. అప్పుడు లోపలి ఇంట్లోంచి ఆయన భార్య నాగవేణి గొంతు వినబడింది.

"మీరు రాత్రి తల పెట్టుకునే దిండులో ఏముందనుకుంటిరి? బూరుగు దూదా?"

ఆమె ఆ దిండును తెచ్చి భర్త ఒళ్లో పడేసింది. కుట్టు ఒక మూల విప్పి చూపించింది. లోపల ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు, ఎన్ని చీరల పోగులో! "ఈ వీధిలో ఏ ఇంట్లో దిండు ఇప్పినా ఇదే" అంది. "ఇది దొంగతనమైతే, మీరు పెండ్లయిన కాడ్నుంచి దొంగసొత్తు మీద పండుకుంటాండారు."

గడప దగ్గర ఆడవాళ్లు ఒక్కసారిగా గొల్లున నవ్వారు. ఒకామె తన పోగులతో కుంచె కట్టుకున్నానని చెప్పింది, ఇంకొకామె మనవడి మొలతాడు పేనానంది, మూడో ఆమె దీపం ఒత్తులంది. నేతగాళ్లలో ఒకడు గోచిలోంచి తాళం చెవి కట్టుకున్న దారం తీసి, "ఇదీ నీదే లక్ష్మప్పా" అని చూపించాడు. లక్ష్మప్ప దిండును ఒళ్లో పెట్టుకుని పొట్ట అదిరేలా నవ్వాడు, నవ్వి నవ్వి కళ్లజోడు జారి దిండులో పడింది.

"చౌడమ్మ తల్లీ!" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఇయ్యాల ఈయమ్మ ఆర్పి ఉంటే, రేపు ఇంకొకరితో ఆర్పించేవాన్ని. నా వీధంతా నీ ముందర అబద్ధం ఆడించేవాన్ని గదా." అగ్గిపుల్ల గీసి కర్పూరం వెలిగించాడు. ఒట్టుకు కాదు, హారతికి. నేతగాళ్లు లేచి కళ్లకద్దుకున్నారు. కృపమ్మ కొంగు సర్దుకుని తల వంచకుండా, చేతులు కట్టుకుని నిలబడింది, మనసులో తన జపం ఏదో చెప్పుకుంటూ. ఉచ్చీరప్ప గోడవైపు జరిగి, హారతి పళ్లెం తనముందు నుంచి పోయేటప్పుడు దారి ఇచ్చాడు. ఇద్దర్నీ ఎవరూ ఏమీ అనలేదు. కర్పూరం తనంతట తాను ఆరిపోయింది.

తర్వాత మాటలు పనిలో పడ్డాయి. ఇకమీదట ఒక చిలప షెడ్డులోనే వేలాడదీసి ఉంచాలని, నూలు ఇచ్చిన రోజూ కండెలు తెచ్చిన రోజూ దాన్ని తూచి నూలు ఎన్ని నీళ్లు తాగిందో చూసుకోవాలని ఉచ్చీరప్ప చెప్పాడు. "అది సాచ్చి. అడక్కముందే సెప్తాది, ఒట్టు అడగదు." లక్ష్మప్పకు నచ్చింది. తెగిన పోగులు చుట్టేవాళ్లవే అని అందరి ముందూ నోరు తెరిచి చెప్పమంది నాగవేణి. "ఇంతకాలం నోరు మూసుకుని చెప్పినారు, ఇప్పుడు తెరిచి చెప్పండి." చెప్పాడు. తాళ్ల కట్ట కాటా మీదినుంచి తీసి కృపమ్మ సంచిలో తనే పెట్టాడు.

"ఆదివారం గుళ్లో ఇచ్చేటప్పుడు మా పేరు కూడా సెప్పమ్మా" అన్నాడు. "నూలు మాది గదా."

"సెప్తా అన్నా. కాని నీళ్లు తీసేసి సెప్తా" అంది కృపమ్మ.

ఐదు కిలోల కొత్త చిలపలు తూచి ఇచ్చారు. కృపమ్మ నేల మీద కూచుని కట్ట మూట కట్టుకుంటూ ఉచ్చీరప్పతో చెప్పాల్సిన మాటలు కూడబెట్టుకుంది. మీ స్వామి, మా స్వామి అనకుండా ఒక మాట చెప్పాలి. ఫాదరు వచ్చాక ఈ పెద్దప్పను ఒకసారి గుడి వరండాలోకి పిలవాలి, ఇద్దర్నీ ఎదురెదురుగా కూచోబెట్టి చూడాలి, ఎవరు ముందు అలిసిపోతారో. ఆదివారం భోజనానికి భీమక్కను కూడా తీసుకురమ్మనాలి. ఇంకొకటి అడగాలి, పొద్దున జపంలో ఆయన పేరు తలుచుకుంటే ఆయనకు అభ్యంతరమా అని. ఉంటుందనే అనిపించింది. అయినా అడిగే చేయాలి.

ముడి బిగించి తలెత్తేసరికి గోడ దగ్గర సంచి లేదు. గడప బయట చెప్పులు లేవు.

వీధిలోకి వచ్చి చూసింది. ఉచ్చీరప్ప అప్పటికే నాలుగిళ్లు దాటాడు. భుజాన రంపం ఊగుతోంది, చేతిలో పుస్తకం తెరిచి ఉంది, నడుస్తూనే చదువుతున్నాడు. ఎదురుగా ఉల్లిగడ్డల ట్రాక్టర్ వచ్చి హారన్ కొట్టింది. ఆయన పుస్తకంలోంచి తల ఎత్తకుండానే ఒక పక్కకు జరిగి దానికి దారి ఇచ్చాడు. ట్రాక్టర్ దాటిపోయాక చూస్తే, ఆయన వీధి మలుపు తిరిగిపోయాడు.